అవతలి గట్టున కూర్చున్నవాడు

కట్టుడు పళ్ళ పనిలో అన్నిటికన్నా కష్టం ముందు పళ్ళు పేర్చడం. మరీ తిన్నగా పేరిస్తే అబద్ధంలా కనిపిస్తాయి. మరీ వంకరగా ఉంటే పెట్టుకునేవాళ్ళు ఒప్పుకోరు. ఆమె ఒక్కో పన్నునీ వెచ్చటి మైనంలో గుచ్చి, కిటికీ వెలుతురుకి ఎత్తి చూసి, ఏదో ఒక పన్నుని వెంట్రుకవాసి పక్కకి తిప్పేది. ల్యాబులో ఆ వెంట్రుకవాసిని అందరూ ఆమెకే వదిలేసేవాళ్ళు. వీధిలో ఆమె పేరు పళ్ళక్క.

సాయంత్రం గోళ్ళలో ఇరుక్కున్న మైనం గీరుకుంటూ ఇంటికి వచ్చేది. మూడో అంతస్తులో రెండు గదులు. ఇంట్లో ఉండేది అత్త ఒక్కతే. ఆ అత్త కొడుకు, అంటే పళ్ళక్క మొగుడు, చాలా ఏళ్ళ కిందట ఒక ఆదివారం జుట్టు కత్తిరించుకొస్తానని చెప్పి వెళ్ళి మళ్ళీ రాలేదు.

మొదట్లో ఇద్దరూ ఒకరినొకరు ఆడిపోసుకున్నారు. "నువ్వేదో అనుంటావు వాణ్ణి" అని ఆవిడ, "మీ పెంపకమే అంత" అని ఈమె. కొన్నాళ్ళకి తిట్టుకోవడానికి కొత్త మాటలు దొరక్క మానేశారు. తరవాత ఎప్పుడు మొదలైందో తెలియదు గానీ, ఒకరు రాకుండా ఇంకొకరు భోజనానికి కూర్చోవడం మానేశారు. చలి ఎక్కువైతే ఒకే దుప్పటి కిందికి చేరేవాళ్ళు. మీ ఆయన సంగతేమైనా తెలిసిందా అని ఎవరైనా పళ్ళక్కని అడిగితే, జవాబు అత్త చెప్పేది.

"మంగలి షాపులో రద్దీగా ఉందట."

అత్త బస్సు కండక్టరుగా చేసి రిటైరైంది. ఆ ఉద్యోగంలో మోకాళ్ళు అరిగిపోయాయి గానీ గొంతు అరగలేదు. మెట్లు దిగడం మానేశాక ఆవిడకి పొద్దుపోయేది కాదు. కిటికీ దగ్గర కూర్చుని, వీధిలో పోయేవాళ్ళని చూస్తూ, "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అని సణిగేది. చూసి చూసి కోడలు ఒకరోజు ఆవిడ ఫోను వీధి చివర సెల్ షాపుకి పట్టుకెళ్ళి, ఏదైనా ఆట వేసిమ్మంది. షాపతను చేపల ఆట వేసిచ్చాడు.

"తొందరుండదు, ఓడిపోవడం ఉండదు. పెద్దవాళ్ళకి బావుంటుంది," అన్నాడు.

ఆటలో ఉన్నదల్లా ఒక చెరువు, దానికి అవతల ఒక గట్టు, కొంచెం తుంగ. తెర మీద వేలుతో వెనక్కి లాగి వదిలితే గాలం వెళ్ళి నీళ్ళలో పడుతుంది. ఎర్ర బెండు తేలుతుంది. బెండు మునగ్గానే మళ్ళీ లాగాలి. చేప పడితే గంట మోగుతుంది. పాత చెప్పు పడితే ఒక మూల నుంచి కప్ప నవ్వుతుంది. అత్తకి మొదటి వారమంతా చెప్పులే పడ్డాయి. "జత కుదిరితే వేసుకుందును," అనేది.

తరవాత చెయ్యి తిరిగింది. కోడలు ఇంటికి వచ్చేసరికి ఆవేళ పడిన చేపలన్నీ వరసగా చూపించేది. కోడలు వంట చేస్తూ, "అబ్బో, ఇది పెద్దదే," అంటూ ఉండేది. ఆ ఫోన్లో నీళ్ళ చప్పుడు, గిన్నెల చప్పుడు కలిసిపోయి ఇల్లు నిండుగా ఉన్నట్టుండేది.

ఒక సాయంత్రం అత్త చేపలు చూపించలేదు.

"అవతలి గట్టు మీద ఎవడో కూర్చుంటున్నాడు," అంది.

"ఆటలో బొమ్మ అయ్యుంటుంది అత్తయ్యా."

"బొమ్మే. కానీ వీపు మనవాడిది."

కోడలు స్టవ్ తగ్గించి వచ్చి చూసింది. గోరంత మనిషి, వీపు ఇటు తిప్పి, గట్టు మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఎడమ భుజం కొంచెం కిందికి జారి ఉంది. మెడ మీద జుట్టు పొట్టిగా, నున్నగా దువ్వి ఉంది. ఆమె వెళ్ళి చేతులు కడుక్కుని, తుడుచుకుని, మళ్ళీ వచ్చి చూసింది.

"క్షవరమైతే అయినట్టే ఉంది," అంది అత్త.

మర్నాడు కోడలు ఫోను మళ్ళీ సెల్ షాపుకి పట్టుకెళ్ళింది. షాపతను, "ఈ ఆటలో మనుషులుండరండీ. చేపలు, కప్ప, అంతే," అన్నాడు. తెర తుడిచి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. "ఉన్నాడు," అన్నాడు. "ఫోనేమైనా వేడెక్కుతోందా?"

"లేదు."

"అయితే ఇబ్బందేం లేదు. ఉండనివ్వండి."

అప్పట్నించి అత్త చేపలు పట్టడం మానేసింది. గాలం ఎప్పుడూ ఆ వీపు మీదికే విసిరేది. ఒకసారి తుంగలో పడేది, ఒకసారి గట్టుకి తగిలి జారేది. ఆవిడ విసిరేటప్పుడు ఆటలో చప్పుళ్ళు ఆగిపోయేవి. కప్ప కూడా నోరు మూసుకునేది. నీళ్ళు కదిలేవి కావు. వీపు మాత్రం ఊపిరి పీలుస్తున్నట్టు కొద్దిగా లేస్తూ, పడుతూ ఉండేది. కోడలు ఆ టైముకి బట్టలు మడత పెట్టే పని పెట్టుకునేది.

ఒకరోజు ఆమె ల్యాబు నుంచి వచ్చేసరికి అత్త ఫోనుని రెండు చేతులా బిగించి పట్టుకుని, పాదాలు గోడకి తన్నిపెట్టి కూర్చుని ఉంది.

"పడ్డాడు. కాలరు దొరికింది," అంది.

ఫోనుకి ఛార్జరు పెట్టే రంధ్రంలోంచి సన్నటి గాలం దారం బయటికొచ్చి, గది అడ్డంగా సాగి, కిటికీ ఊచల మధ్య నుంచి వీధిలోకి పోయింది. వేలితో మీటితే మోగేంత బిగువుగా ఉంది. ఎదురింటి డాబా దాటి, పళ్ళ డాక్టరు బోర్డు దాటి, ఇంకా ఎటో పోతోంది. అత్త లాగితే రాదు, వదిలితే పోదు. ఆఖరికి ఇద్దరూ కలిసి ఫోనుని కిటికీ ఊచకి తుండుగుడ్డతో కట్టారు.

ఊరు సర్దుకుంది. కరెంటు లైన్‌మన్ వచ్చి చూసి, ఇది మా శాఖది కాదన్నాడు. అయినా పోతూ పోతూ కర్రతో పైకెత్తి, బస్సులకి తగలకుండా స్తంభానికి ఆనించాడు. దారం కిందికి దిగిన చోటల్లా ఎవరో ఎర్రగుడ్డ పీలికలు కట్టారు. ఎదురింటావిడ కొన్నాళ్ళు మొహమాటపడి, తరవాత పిల్లల బట్టలు, దుప్పట్లు దాని మీదే ఆరెయ్యడం మొదలుపెట్టింది. అత్త చేతికి ఆ బరువు తెలిసేది. "ఆ దుప్పటి కాస్త పిండి ఆరెయ్యమని చెప్పు," అని కోడలితో కబురు పంపింది. ఛార్జింగ్ పెట్టడమే తంటా. పిన్ను దారం పక్కనుంచి దూర్చాలంటే పళ్ళు పేర్చే వేళ్ళే కావాలి.

అత్తకి తిండి తగ్గింది. పగలంతా దారం మీద వేలు పెట్టుకుని కూర్చునేది.

"నేను దిగలేను," అంది ఒక ఉదయం. "నువ్వెళ్ళి చూసిరావే. దారం ఎటు పోతే అటు."

కోడలు సరేనంది. ల్యాబులో కట్టుడు పళ్ళకి పెట్టే కొక్కేల తీగ కత్తిరించే కటింగ్ ప్లేయరు తెచ్చి, నీళ్ళ సీసా పక్కన సంచిలో పెట్టుకుంది.

మొగుడి మీద ఆమెకి కోపం ఎప్పుడో చల్లారిపోయింది. వస్తాడేమోనన్న ఆశ అంతకన్నా ముందే పోయింది. ఆమె భయం వేరే. వాడు దొరికితే ఇంటికి వస్తాడు. వస్తే ఆ ఇంట్లో ఒక అమ్మ, ఒక కొడుకు ఉంటారు. తను మళ్ళీ బయటి నుంచి వచ్చిన పిల్ల అవుతుంది. రాకపోతే ఈవిడే మోకాళ్ళు ఈడ్చుకుంటూ వాడి దగ్గరికి పోతుంది. ఎటు చూసినా, ఈ రెండు గదుల్లో ఇన్నేళ్ళుగా తామిద్దరూ పోగేసుకున్నది పోతుంది. దానికి ఏం పేరు పెట్టాలో ఆమెకి తెలియదు. పోతే మాత్రం తెలుస్తుంది.

బస్సెక్కి కిటికీలోంచి దారం వంక చూస్తూ కూర్చుంది. కండక్టరు కుర్రాడు టికెట్టు కొడుతూ, "దారం వెంటేనా?" అన్నాడు. "వంతెన దగ్గర దిగండి. అక్కడ అది ఎడమకి పోతుంది, మేం కుడికి."

వంతెన మీద దారం చేతికందే ఎత్తులో, రెయిలింగు వెంటే పోతోంది. మనుషులెవరూ లేరు. కింద ఏరు బురద రంగులో పారుతోంది. ఆమె సంచిలోంచి కటింగ్ ప్లేయరు తీసి, దారాన్ని దాని పళ్ళ మధ్య పెట్టింది. ఇంటికెళ్ళి, తెగిపోయిందత్తయ్యా అంటే సరిపోతుంది. దారాలు తెగుతాయి. ఎవరూ ఏమీ అనరు.

ఎడమచేత్తో దారాన్ని కదలకుండా పట్టుకుంది. అప్పుడు తెలిసింది. ఇటునుంచి అత్త లాగుతోంది. ఆ లాగుడు ఆమెకి తెలుసు. అటునుంచి కూడా ఎవరో లాగుతున్నారు. అది మగవాడి బలం కాదు. చిన్న బలం, మొండి బలం. లాగడం, కాస్త ఆగడం, మళ్ళీ లాగడం.

ఆమె కటింగ్ ప్లేయరు సంచిలో పడేసి ఎడమకి నడిచింది.

దారం ఒక ఐసు ఫ్యాక్టరీ వెనక, రేకుల ఇళ్ళ వరసలో ఆఖరి ఇంటి మెట్ల మీద ఆగింది. మెట్టు మీద మూడో క్లాసు, నాలుగో క్లాసు చదివే వయసు పిల్ల కూర్చుని ఉంది. ఒళ్ళో ఫోను ఉంది. దారం వచ్చి దాని ఛార్జరు రంధ్రంలోకి దూరింది.

"ఎవరు కావాలి?" అంది పిల్ల, తల ఎత్తకుండా.

"ఈ దారం ఎవరిదా అని వచ్చాను."

"సగం నాది. సగం ముసలావిడది."

"ఏ ముసలావిడ?"

పిల్ల ఫోను కొంచెం ఇటు తిప్పింది. అదే చెరువు, అదే తుంగ, అదే ఎర్ర బెండు. గట్టుకి అటువైపు ఇంకో చెరువు, దానికి ఆవల, కిటికీలాంటి చోట, గోరంత ముసలావిడ గాలం కర్రతో తల గోక్కుంటోంది. రెండు చెరువుల మధ్య గట్టు మీద అతను కూర్చుని ఉన్నాడు. ఇక్కడి నుంచి చూస్తే మొహం కనిపిస్తోంది.

పళ్ళక్క మెట్టు మీద కూర్చుండిపోయింది.

చిక్కిపోయాడు. మీసం తీసేశాడు. కాలరు వెనక్కి బిగిసి ఉంది. ముందు జేబుకి పిల్ల గాలం తగులుకుని ఉంది. ఇన్నేళ్ళలో, కనబడితే అడగాలని ఆమె దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి. అతను నీళ్ళ మీదుగా పిల్ల వంకే చూస్తున్నాడు. ఆమె ఎంత వంగి చూసినా ఆ చూపు ఆమె మీదికి తిరగలేదు.

"మా నాన్న," అంది పిల్ల. "ఆవిడ వెనకనించి లాగుతోంది. నేను వదలట్లేదు."

లోపల్నించి పిల్ల తల్లి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పళ్ళక్క వయసే ఉంటుంది. మెట్టు మీది మనిషిని చూసింది, దారాన్ని చూసింది, మళ్ళీ మనిషిని చూసింది. లోపలికెళ్ళి, గ్లాసుడు నీళ్ళు తెచ్చి ఇచ్చి, తనూ మెట్టు మీద కూర్చుంది.

"తనకెవరూ లేరన్నాడు," అంది.

"అమ్మ కూడా లేదన్నాడా?"

"అమ్మ గురించి ఎత్తితే మంచినీళ్ళు తెమ్మనేవాడు. తెచ్చేసరికి మాట మార్చేసేవాడు." ఆవిడ పిల్లకి వినపడకుండా గొంతు తగ్గించింది. "పోయిన వానల్లో జ్వరమొచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. ఎవరికి కబురు పంపాలో తెలియలేదు. నాకు తెలిసుంటే..."

"మీకెలా తెలుస్తుంది," అంది పళ్ళక్క.

అతను పోయాడని విన్నాక ఏదో జరుగుతుందని ఆమె ఎదురుచూసింది. ఏమీ జరగలేదు. ఐసు ఫ్యాక్టరీలో యంత్రం ఆగి, మళ్ళీ మొదలైంది. గ్లాసులో నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఇప్పుడైనా లేచి వెళ్ళిపోవచ్చు. దారం తుప్పల్లోకి పోయి మాయమైందని చెప్పొచ్చు. ఇక్కడ వీళ్ళున్నారని అత్తకి ఎప్పటికీ తెలియదు.

"ఆవిణ్ణి లాగొద్దని చెప్తారా?" అంది పిల్ల. "నాన్నకి మెడ దగ్గర బిగుసుకుంటోంది."

పళ్ళక్క గ్లాసు కింద పెట్టింది.

"ఆవిడ మీ నాన్నకి అమ్మ," అంది. "నీకు నానమ్మ. చాలా ఏళ్ళయింది, కొడుకు మొహం చూడక. ఆవిడ వైపు నుంచి వీపే కనిపిస్తుంది."

పిల్ల ఈ మాట గురించి చాలాసేపు ఆలోచించింది. తెర మీది ముసలావిడని చూసింది, తండ్రిని చూసింది.

"కాసేపు ఇస్తాను," అంది. వేలు తీసేసింది.

దారం ఒక్కసారి వదులై, ఇళ్ళ రేకుల మీద, కంచె మీద మెత్తగా వాలిపోయింది. ఫోన్లో అతను లేచి నిలబడ్డాడు. ప్యాంటు దులుపుకున్నాడు. పిల్ల వంక ఒకసారి చూసి, వెనక్కి తిరిగి, గట్టు వెంట అవతలికి నడిచాడు. పిల్ల ఏడవలేదు. తల్లి చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుంది.

"మీరిద్దరూ నాతో రండి," అంది పళ్ళక్క. అన్నాక, నేనేనా అన్నది అనుకుంది.

సాయంకాలం ముగ్గురూ మూడంతస్తులూ ఎక్కారు. తలుపు తీసే ఉంది. అత్త కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. ఫోను తుండుగుడ్డలోంచి విప్పి ఒళ్ళో పెట్టుకుంది. పళ్ళక్క మిగతా ఇద్దర్నీ వసారాలోనే నిలబెట్టి తనొక్కతే లోపలికి వెళ్ళింది.

"మొహం చూపించాడు," అంది అత్త, తల తిప్పకుండా. "గట్టు దిగి, ఇక్కడిదాకా వచ్చి, నా ఎదురుగా కూర్చున్నాడు. మీసం తీసేశాడే."

"ఏమన్నా అన్నాడా?"

"ఆ ఆటలో మాటలెక్కడివి. చూశాడు, అంతే. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి దొరికిపోతే అలాగే చూసేవాడు. తరవాత లేచి తుంగలోకి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు." ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "ఎప్పుడు పోయాడు?"

పోయిన వానల్లో అని, వసారాలో నిలబడ్డ తల్లీ పిల్లల సంగతీ కోడలు చెప్పింది. అత్త విని తలాడించింది.

"అనుకున్నాను. బస్సు బ్రేకేస్తే ఎంతమంది పడ్డారో నా మీద. మనిషి బరువు నాకు తెలుసు. దారానికి అది లేదు." ఒళ్ళో ఫోను తీసి పక్కన పెట్టింది. "పొద్దున ఒక్కసారిగా వదులైతే నువ్వు కత్తిరించావనుకున్నాను. సంచిలో ఇనప సామాను గలగలమన్నప్పుడే అనుకున్నాను. కత్తిరించినా నిన్నేమీ అనేదాన్ని కాదులే."

కోడలు తలుపు వైపు చూసింది. అత్త కూడా చూసింది. తలుపు సందులోంచి ఒక కన్ను, సగం జడ కనిపిస్తున్నాయి.

"గుమ్మంలో నిలబడొద్దు," అంది అత్త, బస్సులో గొంతుతో. "లోపలికి జరగండి."

పిల్ల లోపలికి వచ్చి, ఆవిడ ముందు నిలబడి, పరీక్షగా చూసింది.

"కర్రతో తల గోక్కునేది మీరేనా?"

"దురద పుడితే ఏం చెయ్యను?" అంది అత్త. అని, పిల్ల గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. చాలాసేపు అలాగే పట్టుకుంది. పళ్ళక్క టీ పెట్టడానికి వెళ్ళింది.

ఆమె టీ గ్లాసులు తెచ్చేసరికి పిల్ల తల్లి నేల మీద కూర్చుని మాట్లాడుతోంది. "నాకు తోచింది చెప్తున్నాను, తప్పయితే క్షమించండి. మనవరాలు ఉండగా మీరిక్కడ ఎందుకు? మాది కింది ఇల్లే, మెట్లుండవు. మాతో వచ్చెయ్యండి అత్తయ్యా."

అత్తయ్యా. ఇన్నేళ్ళూ ఆ మాట ఆ ఇంట్లో ఒక్క గొంతే పలికింది. ఎప్పటికైనా వస్తుందని పళ్ళక్క అనుకున్న మాటే వచ్చింది. మొగుడి రూపంలో వస్తుందనుకుంది, అంతే తేడా. గ్లాసులు బల్ల మీద పెట్టి, పంచదార డబ్బా కోసమన్నట్టు మళ్ళీ వంటగదిలోకి వెళ్ళి, పొయ్యి గట్టు పట్టుకుని నిలబడింది.

అత్త గొంతు వినిపించింది.

"పిల్లని చూస్తే ప్రాణం లేచొస్తోందమ్మా. కాదనను. కానీ అదుగో, లోపల పంచదార వెతుకుతున్నట్టు నటిస్తోందే, దాన్ని మావాడు ఒకసారి వదిలేసి పోయాడు. రెండోసారి నేను వదల్ను."

పిల్ల టీ చల్లార్చుకుంటూ ఊదుతున్న చప్పుడు వినిపించింది.

"మీరే రావచ్చుగా," అంది అత్త మళ్ళీ. "ఈ బిల్డింగులో కింది వాటా ఖాళీగానే ఉంది. తేమ కొడుతుంది, అదొక్కటే."

పళ్ళక్క వంటగదిలో ఉండిపోయింది, టీ చల్లారేదాకా.

మర్నాటికి దారం వీధుల మీద ఊరికే పడి ఉంది. ఎవరికి కావలసినంత వాళ్ళు చుట్టుకుపోయారు. అత్త ఫోన్లో చెరువు మామూలు చెరువైంది: చేపలు, చెప్పులు, కప్ప. ఆవిడ అప్పుడప్పుడు ఆడేది గానీ అవతలి గట్టు వంక చూసేది కాదు. ఐసు ఫ్యాక్టరీ వెనక పిల్ల కూడా తన ఫోనులో నాన్న కోసం వెతికిందట. మూడుసార్లు వెతికి, ఇక నానమ్మ దగ్గరే అడుగుతానని, నాన్న చిన్నప్పుడు బడి ఎందుకు ఎగ్గొట్టేవాడో అడగాలని తల్లితో చెప్పిందట.

బడి సెలవులివ్వగానే వాళ్ళు కింది వాటాకి మారారు. పిల్ల తల్లికి ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే చోట పని దొరికింది. పళ్ళక్కని ఆవిడ అక్కా అనేది. ఇద్దరూ మొదట్లో జాగ్రత్తగా, పళ్ళెంలో నీళ్ళు మోస్తున్నట్టు మాట్లాడుకునేవాళ్ళు. ఒకరోజు అతని గురక గురించి మాట వచ్చి, ఇద్దరికీ నవ్వాగలేదు. తరవాత సులువైంది. ఇంకో రోజు ల్యాబులో మైనం కరిగిస్తుండగా పళ్ళక్కకి ఉన్నట్టుండి ఏడుపొచ్చింది. అతని కోసం ఏడవడం అదే మొదలు, అదే ఆఖరు. పక్కవాళ్ళు పొగ అనుకున్నారు.

పిల్ల మాత్రం ఆమెని ఏమనీ పిలిచేది కాదు. ఏదైనా కావాలంటే ఎదురుగా వచ్చి నిలబడేది. "పిలుపు నేర్పనా?" అని తల్లి అడిగితే, అత్త వద్దంది. "నేర్పితే వచ్చేది పాఠం. దానికే తడుతుందిలే."

బడులు తెరిచాక ఒక మధ్యాహ్నం, ల్యాబులో అందరూ తలలు వంచుకుని పని చేస్తున్నారు. పళ్ళని నున్నగా రుద్దే ఇసుక మిషను రొద. పళ్ళక్క ఒక పెద్దాయన కోసం ముందు పళ్ళు పేరుస్తోంది. నాలుగో పన్ను ఎంత తిప్పినా కుదరడం లేదు. కింద మెట్ల దగ్గర ఎవరో పిల్ల అరుస్తోంది.

"పెద్దమ్మా."

ఎవరి పిల్లో, ఎవర్నో పిలుస్తోంది అనుకుంది. పన్నుని వెంట్రుకవాసి ఇటు తిప్పి, వెలుతురుకి ఎత్తి చూసింది.

"పెద్దమ్మా, బడి అయిపోయింది. ఇంటికెళ్దాం."

పక్క బల్ల దగ్గరామె మిషను ఆపి, మోచేత్తో ఆమెని పొడిచింది.

"నిన్నేనమ్మా," అంది.